అయోడిన్‌ను మరిచిన కణం

మాదాపూర్‌లోనో కొండాపూర్‌లోనో శనివారం పొద్దున ఏ డయాగ్నస్టిక్ సెంటర్‌లోకి తొంగిచూసినా, పరగడుపున వచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు టోకెన్లు పట్టుకుని కూర్చుని ఉంటారు. ఏడాదికోసారి కంపెనీ ఖర్చుతో జరిగే హెల్త్ చెకప్. షుగరు, కొలెస్టరాల్, విటమిన్ డి, టీఎస్‌హెచ్ మామూలే. ప్యాకేజీ కాస్త పెద్దదైతే మెడకు అల్ట్రాసౌండ్ కూడా ఉంటుంది. సాయంత్రానికి ఫోనులోకి రిపోర్టు దిగుతుంది: థైరాయిడ్ కుడి భాగంలో 7 మిల్లీమీటర్ల గడ్డ, టైరాడ్స్ (గడ్డ ఎంత అనుమానాస్పదమో చెప్పే అంకె) 4. ముప్పై రెండేళ్ళ మనిషి, ఒంట్లో ఏ నలతా లేదు. ఆ రాత్రి నిద్ర మాని క్యాన్సర్ గురించి దొరికిందల్లా చదువుతాడు. తెల్లవారేసరికి డాక్టరును అడగాల్సిన ప్రశ్నల్లో 'జీన్ థెరపీ ఉందా?' అన్నది కూడా చేరుతుంది.

ప్రశ్న మంచిదే. కానీ అడగాల్సిన మనిషి అతను కాదు.

అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ 2017లో ఇచ్చిన సూచనల ప్రకారం టైరాడ్స్ 4 గడ్డ ఒకటిన్నర సెంటీమీటర్లకు చేరితేనే సూది పరీక్ష. ఒక సెంటీమీటరు లోపుంటే మళ్ళీ స్కాను కూడా అక్కర్లేదు. ఒకవేళ సూది గుచ్చి చూస్తే క్యాన్సరని తేలవచ్చు, అది నిజమే. కానీ మనలో చాలామంది గొంతుల్లో అలాంటివి ఉండే ఉంటాయి. 1985లో ఫిన్లాండ్ వైద్యులు వేరే కారణాలతో చనిపోయిన 101 మంది థైరాయిడ్లను పలచగా కోసి వెతికితే మూడింట ఒక వంతుకు పైగా గ్రంథుల్లో పాపిల్లరీ అనే రకం చిన్న చిన్న క్యాన్సర్లు కనిపించాయి. వాటివల్ల చనిపోయినవారు కారు, వాటితో బతికి పోయినవారు. వెతికేకొద్దీ దొరికే జబ్బు ఇది. దక్షిణ కొరియాలో 1999 తర్వాత ఆరోగ్య పరీక్షలతో పాటు మెడ స్కానింగు కూడా చవగ్గా అందుబాటులోకి వచ్చింది. 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ల సంఖ్య 1993తో పోలిస్తే 15 రెట్లయింది. ఒక్క ఏడాదిలో 40 వేలమందికి పైగా 'రోగులు' తేలారు. ఆ క్యాన్సర్‌తో చనిపోయేవారి సంఖ్య మాత్రం అంతకుముందు ఎంతో అప్పుడూ అంతే. గ్రంథి తీయించుకున్నవాళ్ళు జీవితాంతం రోజూ పొద్దున్నే మాత్ర మింగాలి. కొందరికి గొంతు బొంగురుపోయింది, కొందరికి పారాథైరాయిడ్లు దెబ్బతిని రక్తంలో కాల్షియం పడిపోయింది. జపాన్‌లో కోబే నగరంలోని కుమా ఆసుపత్రి ఇందుకు పూర్తిగా వ్యతిరేక దిశలో నడిచింది. అకిరా మియౌచి సూచనతో 1993 నుంచి సెంటీమీటరు లోపు క్యాన్సర్లను కోయకుండా కనిపెట్టి చూస్తున్నారు. ఎక్కువమందిలో అవి పెరగలేదు, పెరిగినవారికి తర్వాత చేసిన ఆపరేషను కూడా బాగానే పనిచేసింది.

కనుక సైబరాబాద్‌లో ఈ రిపోర్టు చేతికొచ్చినవారిలో అత్యధికులు ఈ అధ్యాయాన్ని కథలా చదువుకోవచ్చు. ఇక్కడి నుంచి చెప్పేదంతా మిగిలిన కొద్దిమంది గురించి.

ఆ కొద్దిమందిని అర్థం చేసుకోవాలంటే థైరాయిడ్ కణానికి అయోడిన్ మీద ఉన్న దాహం సంగతి తెలియాలి. ఒంట్లో ఇంకే అవయవానికీ లేనంత దాహం అది. రక్తంలో ఉన్నదానికి 20 నుంచి 40 రెట్ల గాఢతలో అయోడిన్‌ను తనలో కూడబెట్టుకుంటుంది. తిండిలో అయోడిన్ లేకపోతే దాన్ని వెతుక్కుంటూ గ్రంథే ఉబ్బిపోతుంది, మెడ కింద గాయిటర్ వేలాడుతుంది. హిమాలయాల పాదాల్లో ఊళ్ళకు ఊళ్ళే అలా ఉండేవి. ఉప్పులో కాస్త అయోడిన్ కలిపితే చాలునని మన దేశంలో తిరుగులేకుండా నిరూపించినవారిలో ముందుండేది మన శ్రీకాకుళంలో పుట్టి విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన వులిమిరి రామలింగస్వామి. 1956 నుంచి కాంగ్రా లోయలో ఆయన బృందం కొన్ని ప్రాంతాలకు అయోడిన్ ఉప్పు, ఒక ప్రాంతానికి మామూలు ఉప్పు పంచింది. కొన్నేళ్ళకు లెక్క చూస్తే అయోడిన్ ఉప్పు తిన్న ఊళ్ళలో గాయిటర్ బాగా తగ్గింది, మామూలు ఉప్పు తిన్నచోట చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఇవాళ మన వంటింట్లో ఉన్న ఉప్పు ప్యాకెట్టు మీద అయోడిన్ అనే మాట ఉండటానికి మూలం ఆ పరిశోధనే.

అదే దాహాన్ని ఆయుధంగా మార్చవచ్చని బోస్టన్‌లో ఇంకో డాక్టరుకు తట్టింది. 1936 నవంబరులో ఎంఐటీ అధ్యక్షుడు కార్ల్ కాంప్టన్ భౌతికశాస్త్రం గురించి ఉపన్యాసమిస్తే, వింటున్న సాల్ హెర్ట్జ్ లేచి అడిగాడు, అయోడిన్‌ను కృత్రిమంగా రేడియోధార్మికం చేయవచ్చా అని. 1941లో థైరాయిడ్ అతిగా పనిచేస్తున్న రోగికి ఆయన మొదటిసారి రేడియో అయోడిన్ తాగించాడు. ఆ వెంటనే న్యూయార్క్‌లో శామ్యూల్ సైడ్లిన్ బృందం ఒంటినిండా పాకిన థైరాయిడ్ క్యాన్సర్ మీద దాన్ని ప్రయోగించి 1946లో ఫలితాలు ప్రచురించింది. క్యాన్సర్ కణం ఎముకలో దాక్కున్నా ఊపిరితిత్తుల్లో దాక్కున్నా, అది థైరాయిడ్ కణం వారసురాలే గనుక అయోడిన్ కనిపిస్తే వదలదు. అయోడిన్-131 వెదజల్లే బీటా కణాలు ఎక్కువలో ఎక్కువ 2 మిల్లీమీటర్లు ప్రయాణించి ఆగిపోతాయి. పక్క అవయవాలకు పెద్దగా తెలియదు కూడా. లక్ష్యాన్ని వెతుక్కుంటూ వెళ్ళే మందులు క్యాన్సర్ వైద్యంలో కొత్తవని మనం అనుకుంటాం. ఇది ఎనభై ఏళ్ళు దాటిన మందు.

హైదరాబాదులో ఇవాళ ఈ చికిత్స మామూలే. దాని తతంగం మన ఇళ్ళలోకి వచ్చి కూర్చుంటుంది కాబట్టి ఆ మాట కాస్త చెప్పాలి. డోసు ఇచ్చేముందు రెండు వారాలు అయోడిన్ లేని తిండి తినాలి. అయోడిన్ ఉప్పు, చేపలు, రొయ్యలు మానాలి, గుడ్డు మానాలి, అన్నిటికంటే కష్టంగా మనవాళ్ళకు పెరుగు మానాలి. బయట కొన్న ఆవకాయ కూడా కుదరదు, అందులో ఏ ఉప్పు వేశారో ఎవరికి తెలుసు? థైరాయిడ్ మాత్ర మూడు నాలుగు వారాలు ఆపేస్తారు. మనిషి మందకొడిగా, చలిచలిగా, చిరాగ్గా తయారవుతాడు. స్తోమత ఉంటే మాత్ర ఆపకుండా ఇంజెక్షన్లతో ఆ బాధ తప్పించుకోవచ్చు. పెద్ద డోసు తీసుకున్నవారిని ప్రత్యేక గదిలో ఉంచుతారు. ఆ గది మరుగుదొడ్డి నీరు నేరుగా ఊరి డ్రైనేజీలో కలవదు, ఆసుపత్రి కింద తొట్లలో నిలవ ఉంటుంది. అయోడిన్-131 అర్ధాయువు 8 రోజులు. 80 రోజులు ఆగితే వెయ్యో వంతు కూడా మిగలదు. ఇంటికి వచ్చాక కొన్నాళ్ళు పసిపిల్లల్ని ఎత్తుకోకూడదు, గర్భిణుల దగ్గర కూర్చోకూడదు. గచ్చిబౌలి వైపు టూ బెడ్‌రూమ్ ఫ్లాట్లలో ఈ నియమం పాటించడం ఎంత కష్టమో పాటించినవారినే అడగాలి.

ఇంత చేసినా కొందరిలో మందు పనిచేయదు. స్కానులో ఊపిరితిత్తుల్లో గడ్డలు కనిపిస్తూనే ఉంటాయి, కానీ అవి అయోడిన్ తీసుకోవు. క్యాన్సర్ దూర అవయవాలకు పాకినవారిలో చాలామందికి చివరికి ఇదే పరిస్థితి. కణం తన పుట్టుకను మరిచిపోయింది. జన్యు చికిత్స అనే ఆలోచన పుట్టింది సరిగ్గా ఇక్కడే.

అయోడిన్‌ను లోపలికి లాగేది ఏమిటో 1996 వరకు ఎవరికీ చేతికి చిక్కలేదు. ఆ ఏడాది న్యూయార్క్‌లోని ఆల్బర్ట్ ఐన్‌స్టైన్ వైద్య కళాశాలలో నాన్సీ కరాస్కో బృందం ఎలుక థైరాయిడ్ నుంచి దాని జన్యువును వేరుచేసింది. అదే ఏడాది ఒహాయోలో మనిషి జన్యువు కూడా దొరికింది. ఆ జన్యువు తయారుచేసే ప్రొటీను పేరు సోడియం-అయోడైడ్ సింపోర్టర్, డాక్టర్లు 'నిస్' అంటారు. మనిషిలో 643 అమైనో ఆమ్లాల గొలుసు అది. కణం పొరలో కూర్చుని, బయటి నుంచి లోపలికి దూకే రెండు సోడియం అయాన్ల ఊపుతో ఒక అయోడైడ్‌ను లోపలికి లాగుతుంది. దీన్ని పొలంలో బోరు మోటారు అనుకోండి. కరెంటు సోడియం ఇస్తుంది, మోటారు నీళ్ళు లాగుతుంది. క్యాన్సర్ ముదిరిన కణంలో నీళ్ళు రావడం లేదు. అప్పుడు రైతుకు రెండు దారులు: కొత్త మోటారు దింపడం, లేదా పాతది ఎందుకు ఆగిందో చూడటం.

1990ల చివర శాస్త్రవేత్తలు మొదటి దారి పట్టారు. అది జన్యు చికిత్సకు ఉత్సాహం పొంగిన కాలం. 1990లో అమెరికాలో మొదటి రోగికి చేశారు, ఆ తర్వాత ప్రతి జబ్బుకూ ప్రయోగాలు మొదలయ్యాయి. నిస్ జన్యువును ఒక వైరస్‌లో పెట్టి గడ్డలోకి పంపితే, గడ్డ కణాలు మళ్ళీ అయోడిన్ తాగుతాయి, అప్పుడు పాత మందే పనిచేస్తుంది. ఇందులో ఒక తెలివైన లాభం ఉంది. వైరస్ ప్రతి కణానికీ చేరనక్కర్లేదు. పదింట ఒక కణం అయోడిన్ తాగినా దాని నుంచి వచ్చే బీటా కణాలు చుట్టుపక్కలవాటిని కూడా కాల్చేస్తాయి. జన్యు చికిత్సల్లో అతి పెద్ద చిక్కు మందును ప్రతి కణానికీ చేర్చలేకపోవడమే కాబట్టి, ఇది చిన్న లాభం కాదు. ఇంకొకటి, వైరస్ ఎక్కడికి చేరిందో ఎక్కడ చేరలేదో మామూలు గామా కెమెరాతోనే చూడవచ్చు. ఏ అవయవం క్యాన్సర్‌కైనా ఈ జన్యువును వాడుకోవచ్చునన్న ఆశ అలా మొదలైంది. థైరాయిడ్ నుంచి అరువు తెచ్చిన ఈ జన్యువును ప్రోస్టేట్ క్యాన్సర్ రోగుల్లో డెట్రాయిట్‌లోని హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రి పరీక్షించింది కూడా.

అన్నిటికంటే ఎక్కువ దూరం నడిచింది తట్టు వైరస్. మిన్నెసోటాలోని మేయో క్లినిక్‌లో స్టీఫెన్ రసెల్ బృందం టీకాల్లో వాడే బలహీనమైన తట్టు వైరస్‌లో నిస్ జన్యువును చేర్చింది. ఆ వైరస్‌కు క్యాన్సర్ కణాలంటే మక్కువ, వాటిలో పెరిగి వాటిని పగలగొడుతుంది. 2012లో అక్కడి పరిశోధకులు అనాప్లాస్టిక్ అనే రకం థైరాయిడ్ క్యాన్సర్ కణాల మీద, ఎలుకల్లో పెంచిన గడ్డల మీద దాన్ని పరీక్షించి బాగుందన్నారు. 2014లో మైలోమా అనే ఎముకమజ్జ క్యాన్సర్ ఉన్న ఇద్దరు స్త్రీలకు రక్తనాళంలోకి ఎక్కించిన కథ ప్రపంచమంతా చదివింది. డోసు పదివేల కోట్ల వైరస్ కణాలు, కోటిమందికి తట్టు టీకా వేయడానికి సరిపోయినంత. ఒకామెలో జబ్బు పూర్తిగా మాయమై నెలల తరబడి తిరిగి రాలేదు. రెండో ఆమెలో లాభం నిలవలేదు.

ఇద్దరికీ ఒక పోలిక ఉంది, వాళ్ళ రక్తంలో తట్టుకు ప్రతిరక్షకాలు దాదాపు లేవు. మన దగ్గర అలాంటివారు ఎంతమంది దొరుకుతారు? చిన్నప్పుడు తట్టు వచ్చినవారికి జీవితాంతం ప్రతిరక్షకాలు ఉంటాయి. రానివారికి టీకా ఉంది. 2017 ఆగస్టులో తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ 9 నెలల నుంచి 15 ఏళ్ళ లోపు పిల్లలకు తట్టు-రుబెల్లా టీకాలు వేశారు. ఆ టీకా తయారుచేసే కంపెనీల్లో హైదరాబాదు బయోలాజికల్ ఇ కూడా ఉంది. అంటే ప్రజారోగ్యం సాధించిన గెలుపే ఈ వైద్యానికి గోడ అవుతోంది. తట్టు టీకా వద్దని ఎవరూ అనరు కదా, వేరే వైరస్‌ను వెతుక్కోవాలి. వేరే వైరస్‌లకు వేరే చిక్కులున్నాయి. అడెనోవైరస్‌ను రక్తంలోకి ఎక్కిస్తే ఎక్కువ భాగాన్ని కాలేయమే పట్టేస్తుంది. 1999లో పెన్సిల్వేనియాలో 18 ఏళ్ళ కుర్రాడు అడెనోవైరస్ జన్యు చికిత్స ప్రయోగంలో చనిపోయాక ఈ రంగమంతా చాలాకాలం తల వంచుకుంది.

ఇంకో చిక్కు ఉంది, అది ఇంజినీర్లకు వెంటనే అర్థమవుతుంది. మోటారు దింపారు, నీళ్ళు వస్తున్నాయి, కానీ తొట్టి ఏది? ఆరోగ్యమైన థైరాయిడ్ కణం లోపలికి లాగిన అయోడిన్‌ను థైరోగ్లోబ్యులిన్ అనే ప్రొటీనుకు అంటించి రోజుల తరబడి దాచుకుంటుంది. ముదిరిన క్యాన్సర్ కణానికి ఆ ఏర్పాటంతా పోయింది. కొత్త జన్యువు తెచ్చిన అయోడిన్ గంటల్లోనే కారిపోతుంది. 8 రోజుల అర్ధాయువు ఉన్న అయోడిన్-131 తన పని చేయడానికి ఆ సమయం చాలదు. అందుకే రీనియం-188, ఆస్టటైన్-211 వంటి త్వరగా క్షీణించే మూలకాల వైపు చూశారు, వాటినీ ఈ ప్రొటీను లోపలికి లాగుతుంది. కాగితం మీద అందంగా ఉన్న ఆలోచన రోగి మంచం దాకా రావడానికి పాతికేళ్ళు ఎందుకు చాలలేదో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

ఈలోగా రెండో దారి పట్టినవాళ్ళు ముందుకెళ్ళిపోయారు. క్యాన్సర్ కణంలో నిస్ జన్యువు ఎక్కడికీ పోలేదు. 19వ క్రోమోజోము మీద దాని చోటులో అది చెక్కుచెదరకుండా ఉంది. దాన్ని ఎవరో నొక్కిపట్టారు. పాపిల్లరీ క్యాన్సర్లలో సుమారు సగం కేసుల్లో ఆ పని చేసేది బీఆర్‌ఏఎఫ్ అనే జన్యువులో వచ్చే ఒకే ఒక్క అక్షరం మార్పు. దానివల్ల ప్రొటీనులో 600వ స్థానంలో వాలిన్ ఉండాల్సినచోట గ్లుటమేట్ వచ్చి కూర్చుంటుంది. ఇక ఆ ప్రొటీను ఆగకుండా 'పెరుగు, పెరుగు' అని కేంద్రకానికి కబురు పంపుతూనే ఉంటుంది. ఆ హోరులో అయోడిన్ పని చూసే జన్యువులన్నీ మూగబోతాయి. హోరు ఆపితే?

న్యూయార్క్‌లోని స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ కేంద్రంలో జేమ్స్ ఫాగిన్, అలన్ హో బృందం 2013లో ఆ ప్రశ్నకు జవాబిచ్చింది. అయోడిన్ తీసుకోని క్యాన్సర్ ఉన్న 20 మందికి కొన్ని వారాలు సెల్యుమెటినిబ్ అనే మాత్ర ఇచ్చి మళ్ళీ స్కాన్ చేశారు. 12 మందిలో గడ్డలు అయోడిన్ లాగడం మొదలుపెట్టాయి. 8 మందిలో రేడియో అయోడిన్ ఇవ్వదగినంతగా లాగాయి. ఇచ్చారు. ఐదుగురిలో గడ్డలు బాగా తగ్గాయి, ముగ్గురిలో పెరగడం ఆగింది. వైరస్ లేదు, కొత్త జన్యువూ లేదు. ఆ తర్వాత డాబ్రాఫెనిబ్ అనే మాత్రతో 10 మందిలో ఆరుగురికి అదే ఫలితం కనిపించింది. అయితే ఇదంతా సాఫీగా సాగలేదు. ఆపరేషన్ అయిన వెంటనే, జబ్బు ముదరకముందే ఈ మాత్ర కలిపితే ఇంకా బాగుంటుందేమోనని చేసిన పెద్ద ప్రయోగంలో సెల్యుమెటినిబ్ వల్ల అదనపు లాభమేమీ తేలలేదు. దారి మూసుకుపోయిన కణాల్లోనే దీనికి పని, మిగతాచోట వృథా.

నా దృష్టిలో థైరాయిడ్ క్యాన్సర్‌లో జన్యు చికిత్స కథకు కేంద్రం ఇదే. కణంలో లేని జన్యువును తేవడం కంటే ఉన్నదాన్ని మేల్కొలపడం తేలికైంది. పేరుకు ఇది జన్యు చికిత్స కాదు. చేసే పని మాత్రం జన్యువు మీదే. ఆ పేరు పెట్టుకున్న పరిశోధనలు ప్రయోగశాలల్లో ఉండగా, ఈ మాత్రలు ఆసుపత్రి ఫార్మసీల్లోకి వచ్చాయి. సైబరాబాద్ వాసికి ఇందులో ఇంకో విశేషం: డాబ్రాఫెనిబ్ ఇప్పుడు నోవార్టిస్ కంపెనీది. ప్రపంచంలో ఆ కంపెనీ పెద్ద కార్యాలయాల్లో ఒకటి రాయదుర్గం నాలెడ్జ్ సిటీలో ఉంది. క్లినికల్ ప్రయోగాల సమాచారం సరిచూడటం, గణాంకాలు కట్టడం, నివేదికలు రాయడం అక్కడి వేలమంది ఉద్యోగుల రోజువారీ పని. 2025లో గచ్చిబౌలిలో కేంద్రం తెరిచిన ఎలై లిల్లీది సెల్పెర్కాటినిబ్. దాని ప్రస్తావన కింద వస్తుంది. సైబర్ టవర్స్ తెరిచిన 1998లో ఈ మాత్రల్లో ఒక్కటీ పుట్టలేదు.

అనాప్లాస్టిక్ క్యాన్సర్ దగ్గరికి వచ్చేసరికి మాట తీరు మార్చాలి. థైరాయిడ్ క్యాన్సర్లలో ఇది ఒకటి రెండు శాతమే, కానీ ఎక్కువగా అరవై దాటినవారిలో వచ్చి వారాల్లో మెడనంతా ఆక్రమిస్తుంది. గాలిగొట్టం నొక్కుకుపోతుంది. నిన్నమొన్నటిదాకా సగంమంది ఆరు నెలలు దాటేవారు కాదు. అయోడిన్‌ను ఇది పూర్తిగా మరిచింది. ఇక్కడ కూడా కొందరిలో అదే బీఆర్‌ఏఎఫ్ మార్పు ఉంటుంది. డాబ్రాఫెనిబ్, ట్రామెటినిబ్ అనే మరో మాత్ర కలిపి ఇచ్చిన మొదటి 16 మందిలో 11 మందికి గడ్డలు గణనీయంగా తగ్గాయి. 2018 మేలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీన్ని ఆమోదించింది. ఆపరేషను కుదరదన్న రోగికి కొన్ని వారాలు మాత్రలిచ్చి, గడ్డ చిన్నదయ్యాక ఆపరేషను చేయడం ఇప్పుడు జరుగుతోంది.

ఆ మార్పు లేనివారికి ఏముంది? నిజమైన అర్థంలో జన్యు చికిత్స అడుగుపెడుతున్నది వీరి దగ్గరే. రోగి రక్తం నుంచి టీ కణాలు తీసి, వాటిలో ఒక వైరస్ ద్వారా కొత్త జన్యువు చేర్చి, శత్రువును గుర్తుపట్టే కొక్కెం మొలిపించి, తిరిగి ఎక్కించడం. ఇదే కార్-టీ. ఈ క్యాన్సర్ కణాల మీద ఐకామ్-1 అనే ప్రొటీను విరివిగా ఉంటుంది. దాన్ని పట్టుకునే కార్-టీ కణాలను అమెరికాలో మొదటి దశ ప్రయోగంలో పరీక్షిస్తున్నారు, కొందరిలో గడ్డలు తగ్గాయి. ఐకామ్-1 ఆరోగ్యమైన కణాల మీద కూడా కొద్దిగా ఉంటుంది. అందుకని కొక్కెం పట్టును కావాలని సడలించారు. ఎక్కువ ఉన్నచోట మాత్రమే అంటుకోవాలి. ఆ టీ కణాలు ఒంట్లో ఎక్కడ తిరుగుతున్నాయో స్కానులో కనిపించేలా మరో జన్యువు కూడా చేర్చారు. నిస్ పరిశోధకులు మొదలుపెట్టిన ఆలోచన, వైద్యం ఎక్కడికి చేరిందో కంటితో చూడాలన్నది, ఇక్కడ కొనసాగుతోంది.

మెడుల్లరీ రకం మరో కుటుంబం. అది అయోడిన్ తాగే కణాల నుంచి పుట్టదు, పక్కనే ఉండే సి కణాల నుంచి పుడుతుంది. కాబట్టి రేడియో అయోడిన్ మాటే లేదు. ఇందులో సుమారు పావు వంతు వంశపారంపర్యం. దోషం ఆర్‌ఈటీ జన్యువులో ఉంటుందని 1993లో తేలింది. మన దగ్గర జన్యు జబ్బు అనగానే మేనరికం అడుగుతారు, దీనికి దానితో సంబంధం లేదు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే చాలు, ప్రతి బిడ్డకూ సగం అవకాశం. అందుకే రోగి ఒక్కరికే కాదు, తోబుట్టువులకూ పిల్లలకూ రక్తపరీక్ష చేయాలి. దోషం ఉన్న పిల్లలకు క్యాన్సర్ పుట్టకముందే గ్రంథి తీసేస్తారు. పంజాగుట్టలోని నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, కుటుంబాలకు ఇలాంటి సలహా చెప్పేవారు అక్కడ దొరుకుతారు. ఆర్‌ఈటీని వైరస్‌ల ద్వారా పంపిన జన్యువులతో అణచాలని ఇరవై ఏళ్ళ కిందట ప్రయోగశాలల్లో ప్రయత్నించారు. 2020లో సెల్పెర్కాటినిబ్ అనే మాత్ర వచ్చి ఆ పని చేసేసింది. మళ్ళీ అదే కథ.

ఇక డబ్బు సంగతి. హైదరాబాదుకు ఈ విషయంలో ఒక చరిత్ర ఉంది. సోరాఫెనిబ్ అనే క్యాన్సర్ మాత్రను బేయర్ కంపెనీ మన దేశంలో నెలకు 2,80,428 రూపాయలకు అమ్మేది. 2012 మార్చి 9న పేటెంట్ల కంట్రోలర్ పి.హెచ్. కురియన్ దాన్ని తయారుచేసుకునే తప్పనిసరి లైసెన్సు హైదరాబాదు నాట్కో ఫార్మాకు ఇచ్చారు. ధర నెలకు 8,880 రూపాయలు మించకూడదన్నారు. దేశంలో అలాంటి లైసెన్సు అదే మొదటిది. బేయర్ సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 2014లో ఓడిపోయింది. లైసెన్సు ఇచ్చిన 2012లో ఆ మందు మూత్రపిండాలు, కాలేయ క్యాన్సర్లకే. మరుసటి ఏడాది, 2013లో, అయోడిన్ తీసుకోని థైరాయిడ్ క్యాన్సర్‌కు కూడా అమెరికాలో అనుమతి వచ్చింది. 417 మంది మీద జరిగిన ప్రయోగంలో ఉత్తుత్తి మాత్రతో జబ్బు 5.8 నెలలు అదుపులో ఉంటే దీనితో 10.8 నెలలు ఉంది. నయం కాదు, వాయిదా. అరచేతులూ అరికాళ్ళూ పగిలి మంటలెత్తే వాయిదా. అయినా తొమ్మిది వేలకు అందడం వేరు, మూడు లక్షలకు అందకపోవడం వేరు.

జన్యు చికిత్సకు అలాంటి రోజు వస్తుందా? వైరస్‌ను, జీవకణాన్ని మాత్రలా అచ్చు పోయలేం. 2021లో వెన్నెముక కండరాల జబ్బున్న ఒక పసివాడికి హైదరాబాదులో జన్యు చికిత్స జరిగింది. మందు ఖరీదు 16 కోట్లన్నారు, దేశమంతా చందాలేసుకుంది. అదే ఏడాది నవంబరులో హైదరాబాదు లారస్ ల్యాబ్స్ ముంబైలోని ఇమ్యునోయాక్ట్‌లో వాటా కొన్నది. ఐఐటీ బాంబేలో రాహుల్ పుర్వార్ బృందం నుంచి పుట్టిన ఆ కంపెనీ తెచ్చిన నెక్స్‌కార్19కు 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. దేశంలో మొదటి స్వదేశీ కార్-టీ. అమెరికాలో నాలుగు కోట్ల దగ్గరున్న చికిత్స ఇక్కడ నలభై లక్షల చుట్టుపక్కలకు దిగింది. అది రక్త క్యాన్సర్లకు మాత్రమే, థైరాయిడ్‌కు కాదు. కానీ టీ కణాన్ని మార్చే ప్రయోగశాల, శుభ్రమైన గదులు, చేయి తిరిగిన మనుషులు ఒకసారి తయారయ్యాక కొక్కెం మార్చడం మొదటి నుంచి మొదలుపెట్టినంత కష్టం కాదు. నాట్కో కథ చట్టం గెలిచిన కథ. ఇది నైపుణ్యం గెలవాల్సిన కథ, నిదానంగానే నడుస్తుంది.

ఈలోగా ఎవరైనా థైరాయిడ్ క్యాన్సర్‌కు జీన్ థెరపీ చేస్తామని డబ్బు అడిగితే నమ్మవద్దు. మన దేశంలోనూ అమెరికాలోనూ ఈ క్యాన్సర్‌కు అమ్మకానికి అనుమతి పొందిన జన్యు చికిత్స లేదు. ప్రయోగంలో చేరవచ్చు, కానీ 2019 నాటి నిబంధనల కింద జరిగే ప్రయోగం క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదై ఉండాలి, దాన్ని ఎవరైనా ఇంటర్నెట్‌లో చూసుకోవచ్చు. పరీక్షిస్తున్న మందుకు రోగి దగ్గర డబ్బు వసూలు చేస్తున్నారంటే అక్కడే అనుమానపడాలి.

అయోడిన్ పనిచేయడం లేదని డాక్టరు చెప్పిన రోజున అడగాల్సిన మొదటి మాట బీఆర్‌ఏఎఫ్, ఆర్‌ఈటీ, ఎన్‌టీఆర్‌కే జన్యువుల పరీక్షలు చేశారా అని. వాటికి మళ్ళీ కోయనక్కర్లేదు. మొదటి ఆపరేషనులో తీసిన ముక్కను మైనపు దిమ్మలో పెట్టి పాథాలజీ విభాగం దాచి ఉంచుతుంది, ఆసుపత్రి మారినా అర్జీ పెట్టి తెచ్చుకోవచ్చు. అన్ని జన్యువులనూ ఒకేసారి చదివే పరీక్షకు వారాలు పట్టవచ్చు. అనాప్లాస్టిక్ రోగికి అన్ని వారాలు ఉండవు. బీఆర్‌ఏఎఫ్ మార్పును రంగు వేసి చూపించే కణజాల పరీక్ష ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. దాన్ని ముందు చేయించి, పెద్ద పరీక్షను వెనకాల నడవనివ్వాలి.